మరుగున పడిపోయిన 19వ శతాబ్దపు చర్చి బృందగానం: రికార్డింగుల్లో మీకు దొరికినవేంటి?

మేడమీది రేడియో (విజయవాడ)
శనివారం, రాత్రి 11:20

చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటున్నాను. వర్షాకాలంలో ఒక రాత్రి కరెంటు పోతే ఫోన్‌లో ఏదో సంగీతం పెట్టుకుని పడుకున్నాను. అది అయిపోయాక దానంతటదే ఇంకొకటి మొదలైంది. వాయిద్యం లేదు, ఉత్త గొంతులే. మూడు నిమిషాలుంటుందేమో. లేచి కూర్చుని మళ్లీ పెట్టుకున్నాను. ఫోన్ చార్జింగ్ అయిపోయేదాకా అదే విన్నాను.

పేరు 'ఆబెంట్‌లీట్', అంటే సాయంకాల గీతం. స్వరకర్త యోజెఫ్ రైన్‌బెర్గర్. 1839లో లీచ్టెన్‌స్టైన్ అనే చిన్న దేశంలో, వదూజ్ ఊళ్లో పుట్టాడు. ఏడేళ్లకే ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడట. ఈ పాట మొదట రాసింది 1855లో. అప్పటికి అతనికి పదిహేనేళ్లు! తర్వాత దిద్దుకుని 1873లో అచ్చు వేయించాడు.

అక్కణ్ణించి వెతకడం మొదలైంది. ఎనిమిది గొంతుల 'కాంటుస్ మిస్సే' దొరికింది. రెండు బృందాలు ఎదురుబొదురుగా నిలబడి పాడే మాస్, అంటే కాథలిక్ పూజ కోసం కూర్చిన సంగీతం. అది విన్నాక నాకు కాస్త కోపం కూడా వచ్చింది. ఇరవయ్యేళ్లుగా పాశ్చాత్య సంగీతం వింటున్నాను. బ్రామ్స్, వెర్దీ, మెండెల్‌సన్ అందరూ తెలుసు. ఇతని పేరు ఒక్కసారైనా చెవిన పడలేదేంటి? ఇలా మూలన పడి, రికార్డింగుల పుణ్యాన మళ్లీ పైకొచ్చినవి ఇంకా ఏమున్నాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆల్టో లైన్ (సికింద్రాబాద్)
శనివారం, రాత్రి 11:52

మీ పోస్టు చదివి నిద్రపట్టక రాస్తున్నానండీ. నేను ఒక చర్చి కాయిర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు, పాడతాను.

ఆ పాటలో జర్మన్ మాటలు మనకి బాగా తెలిసినవే. లూకా సువార్త 24వ అధ్యాయం, ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు. మన తెలుగు బైబిల్లో "సాయంకాలము కావచ్చినది, ప్రొద్దు గ్రుంకినది, మాతోకూడ ఉండుము" అని ఉంటుంది చూడండి, పాటంతా ఆ ఒక్క వాక్యమే. చిన్నప్పుడు మా నాయనమ్మ దీపం పెట్టే వేళకి ఈ వచనం చదివేది. అందుకే భాష రాకపోయినా, మొదటిసారి విన్నప్పుడే నాకు ఎక్కడో తగిలింది.

ఇంకోసారి వింటే గమనించండి, పొద్దు వాలుతోందనే చోట స్వరాలు కూడా మెట్టు మెట్టుగా కిందికి దిగుతాయి.

టేప్‌డెక్ (హైదరాబాద్)
ఆదివారం, ఉదయం 8:05

రేడియో గారూ, మీ కోపం న్యాయమైనదే. అయితే కారణాలున్నాయి. నేను ముప్పయ్యేళ్లుగా ఎల్పీలు, సీడీలు పోగేస్తున్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

పాత 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు నాలుగైదు నిమిషాలే. ఇరవయ్యైదు నిమిషాల మాస్ ఎక్కించాలంటే మూడు ప్లేట్లు కావాలి. ఎవరూ వినని స్వరకర్త మీద అంత డబ్బు ఏ కంపెనీ పెడుతుంది? ఎల్పీలు వచ్చాక నిడివి సమస్య తీరింది గానీ, పెద్ద కంపెనీలు అదే మోజార్ట్ రెక్వియెంని (చనిపోయినవాళ్ల కోసం పాడే మాస్) పదిమంది కండక్టర్లతో పదిసార్లు చేశాయి. 1980ల్లో సీడీ వచ్చింది, డెబ్బై నిమిషాలు పైన పడుతుంది. సరిగ్గా ఆ కాలంలోనే చిన్న లేబుళ్లు పుట్టాయి. లండన్‌లో హైపీరియన్ 1980లో మొదలైంది. దాన్ని పెట్టిన టెడ్ పెర్రీ మొదట్లో రాత్రిళ్లు మినీక్యాబ్ నడిపి ఆ డబ్బుతో రికార్డింగులు చేయించాడు. జర్మనీలో సీపీఓ, హాంకాంగ్‌లో నాక్సోస్ వచ్చాయి. స్టుట్‌గార్ట్‌లో కారుస్ ఉంది. అది ముందు స్వరలిపి అచ్చువేసే సంస్థ. రైన్‌బెర్గర్ సమగ్ర రచనలు తెచ్చింది వాళ్లే. అచ్చు, రికార్డింగు ఒకే చేతి మీద నడవడం అతని అదృష్టం.

పెద్ద కంపెనీలతో పోటీ పడలేరు కాబట్టి వీళ్లు ఎవరూ తొక్కని దారి వెతుక్కున్నారు. మీరు ఆ రాత్రి విన్నది ఆ వెతుకులాటలో దొరికిందే.

కాంటుస్ మిస్సేకి నా ఓటు చార్ల్స్ బ్రఫీ చేసినదానికి. ఫీనిక్స్, కాన్సస్ సిటీ బృందాలు కలిసి పాడాయి, షాండోస్ లేబుల్, 2007. మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి. రెండు బృందాలూ రెండు పక్కల నుంచి వినపడాలి. ఫోన్ స్పీకర్లో వింటే రెండూ ముద్దయిపోతాయి.

మ్యూనిక్ మబ్బు (మ్యూనిక్)
ఆదివారం, మధ్యాహ్నం 2:30

ఈ చర్చ తెలుగులో చూస్తాననుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. రైన్‌బెర్గర్ బతుకంతా గడిచింది మా ఊళ్లోనే. 1867 నుంచి ఇక్కడి సంగీత పాఠశాలలో పాఠాలు చెప్పాడు. స్వరకర్త హంపర్‌డింక్, కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ ఇతని దగ్గర చదువుకున్నవాళ్లే. అమెరికా నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. 1877లో రాజాస్థానపు చర్చి సంగీతం బాధ్యత అప్పగించారు.

ఆ చర్చి పేరు అల్లెర్‌హైలిగెన్ హోఫ్‌కిర్షె. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకి బాగా దెబ్బతింది. చాలా ఏళ్లు అలాగే పాడుబడి ఉంది. ఇప్పుడు బాగుచేసి కచేరీ హాలుగా వాడుతున్నారు. లోపలికి వెళ్తే ఒకప్పటి బంగారు చిత్రాలేవీ లేవు, గోడలంతా ఉత్త ఇటుక. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక స్తంభం మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. అతను ప్రతి ఆదివారం కాయిర్‌ని నిలబెట్టిన చోటు. అక్కడ పూజా లేదు, ఆ కాయిరూ లేదు.

ఈ సంగీతం మరుగున పడటానికి అసలు కారణం అదే అని నాకు అనిపిస్తుంది. ఈ సంగీతం కచేరీ కోసం రాసింది కాదు. దానికి ఒక చోటు, ఒక వేళ, ఒక పని ఉండేవి. 1903లో పోప్ పదో పయస్ చర్చిలో నాటకఫక్కీ సంగీతం వద్దని ఆదేశం ఇచ్చాడు. అందరూ ఒకే వరుసలో పాడే పాత గ్రెగోరియన్ గానాన్నీ, 16వ శతాబ్దపు పాలెస్ట్రీనా బాణీనీ ఆదర్శంగా పెట్టాడు. దాంతో 19వ శతాబ్దపు మాస్‌లు చాలావాటికి తలుపులు మూసుకున్నాయి. తర్వాత రెండు యుద్ధాలు. 1960ల్లో రెండో వాటికన్ మహాసభ పూజలో ప్రజల భాషలకి చోటిచ్చింది. మంచి మార్పే, కానీ లాటిన్ మాస్‌లకి మిగిలిన కాస్త చోటు కూడా పోయింది. చోటు పోయాక సంగీతం ఎక్కడుంటుంది? లైబ్రరీ బీరువాలో.

సూటిగా
ఆదివారం, సాయంత్రం 6:10

అందరికీ నచ్చినదాన్ని కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. కాంటుస్ మిస్సే మూడుసార్లు విన్నాను. చాలా చక్కగా కట్టిన సంగీతం, ఒప్పుకుంటాను. కానీ నాకు తీపి ఎక్కువైంది. బ్రామ్స్ జర్మన్ రెక్వియెం వింటే లోపల ఏదో కదిలిపోతుంది. ఇది వింటే "ఆహా, ఎంత బాగుంది" అనిపించి ఊరుకుంటుంది. కాలం జల్లెడ పట్టినప్పుడు కొన్ని రాలిపోతాయి. రాలిపోయిన ప్రతిదానికీ అన్యాయం జరిగిందనలేం కదా.

కాకినాడ శ్రోత
ఆదివారం, రాత్రి 9:15

నేను కర్ణాటక సంగీతం వినేవాణ్ణి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మీ చర్చ చూసి ఆ సాయంకాల గీతం విన్నాను. శ్రావ్యంగా ఉంది. కానీ ఒక ఇబ్బంది. మాకు తంబురా ఉంటుంది, ఆధార షడ్జమం కదలదు, దాని మీద రాగం విస్తరిస్తుంది. ఇక్కడ నేల కూడా కదులుతూ ఉంది. ఆరు గొంతులు ఆరు దారుల్లో పోతుంటే ఏ గొంతు పట్టుకోవాలో తెలియలేదు. ఎవరైనా ఓపికగా చెప్పగలరా?

ఆల్టో లైన్ (సికింద్రాబాద్)
ఆదివారం, రాత్రి 10:40

మాస్టారూ, మీరు "నేల కూడా కదులుతోంది" అన్నది చాలా నిజం. నాకు తెలిసినంతలో చెబుతాను.

మొదటిసారి పై గొంతుని మాత్రమే వినండి. అది మామూలు పాటలాగే ఉంటుంది. రెండోసారి అన్నిటికన్నా కింది గొంతు, బాస్, దాన్నే పట్టుకోండి. మీరన్న నేల అదే. అది ఎటు అడుగేస్తే పైవాళ్ల స్వరాల అర్థం అటు మారుతుంది. మీకు షడ్జమంగా వినిపించిన స్వరమే, కింద బాస్ కదిలేసరికి పంచమంలాగా వినపడుతుంది. గాయకుడు కదలకుండానే స్వరం రంగు మారుతుందన్నమాట.

మూడోసారి మధ్య గొంతులు. ఇది నా ఇల్లు కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. ఈ పాటలో ఒళ్లు జలదరించేది ఎక్కువగా ఇక్కడే. ఒక గొంతు పాత స్వరాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. మిగతావాళ్లు ఈలోగా మెట్టు మారిపోతారు. ఒక్క క్షణం ఆ పాత స్వరం పక్కవాళ్ల స్వరంతో ఒరుసుకుంటుంది. తర్వాత నెమ్మదిగా అదీ ఒక మెట్టు దిగి కలుస్తుంది. పాడేటప్పుడు ఆ ఒరిపిడి మన దవడలో తెలుస్తుంది. కొత్తవాళ్లు అక్కడ భయపడి ముందే దిగిపోతారు. దిగకూడదు, పక్కవాళ్లని నమ్మి నిలబడాలి. "మాతోకూడ ఉండుము" అనే మాటకి ఆ నిలబడటమే అర్థమని నాకు అనిపిస్తుంది.

సూటిగా గారూ, మీరన్న తీపి నాకూ తెలుసు. కానీ ఆల్టో వైపు నుంచి వింటే అది తీపి కాదు, మంచి పనితనం. రైన్‌బెర్గర్ ఏ గొంతునీ వట్టి చోటు నింపడానికి వాడడు. మధ్య గొంతుకి కూడా పాడుకోవడానికి సొంత పాటంటూ ఒకటి ఇస్తాడు. మా ఆల్టోలకి అంత మర్యాద ఇచ్చేవాళ్లు తక్కువ.

కాకినాడ శ్రోత
సోమవారం, ఉదయం 6:30

అమ్మా, తెల్లవారుజామున లేచి మీరు చెప్పిన వరుసలోనే విన్నాను. బాస్ పట్టుకున్నాక దారి దొరికింది. మధ్య గొంతుల్లో మీరు చెప్పిన ఒరిపిడి రెండుచోట్ల స్పష్టంగా తెలిసింది. మా దగ్గర గమకంలో ఒక గొంతు ఒంటరిగా చేసే పని, ఇక్కడ ఇద్దరు మనుషుల మధ్య జరుగుతోంది. చాలా కృతజ్ఞతలు.

టేప్‌డెక్ (హైదరాబాద్)
సోమవారం, రాత్రి 9:00

సూటిగా గారు జల్లెడ గురించి అన్నదానికి నా జవాబు. జల్లెడ పట్టాలంటే ముందు ధాన్యం జల్లెడలో పడాలి కదండీ. కొన్ని అసలు పడలేదు.

ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ కుర్రతనంలో రాసిన మాస్, 'మెస్ సొలెనెల్' సంగతి చూడండి. 1825లో పారిస్‌లోని సాంరోష్ చర్చిలో పాడారు. తర్వాత తనే తగలబెట్టేశానని చెప్పుకున్నాడు, అందరూ నమ్మారు. 1991లో ఆంట్వెర్ప్‌లో ఒక చర్చి ఆర్గన్ గ్యాలరీలో ఫ్రాన్స్ మూర్స్ అనే ఆర్గనిస్టుకి పాత కాగితాల మధ్య కనపడింది. అంతా బెర్లియోజ్ చేతిరాతే. స్నేహితుడికి ఇచ్చిన ప్రతి అది. 1993లో జాన్ ఎలియట్ గార్డినర్ పాడించి రికార్డు చేశాడు. అందులో 'గ్రాతియాస్' అనే భాగం వినండి. అతని తర్వాతి రచన 'సింఫొనీ ఫాంటాస్టిక్' తెలిసినవాళ్లు ఉలిక్కిపడతారు, పొలాల దృశ్యంలోని బాణీ అదే! తగలబెట్టానన్నవాడు అందులో మంచిదాన్ని జేబులో వేసుకునే వెళ్లాడు.

రెండోది 'మెస్సా పెర్ రొస్సీనీ'. 1868 నవంబరులో ఇటలీ స్వరకర్త రొస్సీనీ పోయాడు. నాలుగు రోజులకే వెర్దీ ఒక ప్రతిపాదన పెట్టాడు. ఇటలీ స్వరకర్తలు తలా ఒక భాగం రాసి ఒక రెక్వియెం చేద్దాం, ఏడాది తిరిగేనాటికి బొలోన్యాలో పాడదాం అని. పదమూడుగురు రాసిచ్చారు. కానీ ఏవో గొడవలొచ్చి కచేరీ జరగనే లేదు. కాగితాలు రికోర్డీ అనే ప్రచురణ సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. వెర్దీ తన భాగాన్ని 1874లో సొంత రెక్వియెంలో దిద్ది వాడుకున్నాడు. మిగతా పన్నెండుమంది రాసింది ఎవరూ వినలేదు. 1988లో స్టుట్‌గార్ట్‌లో హెల్ముట్ రిలింగ్ మొదటిసారి పాడించాడు, రికార్డింగూ వచ్చింది. నూటపందొమ్మిదేళ్లు ఆలస్యంగా!

అన్ని భాగాలూ గొప్పవని నేననను. కొన్ని సాదాగానే ఉన్నాయి. కానీ వినకుండా అది చెప్పే హక్కు మనకెక్కడిది?

సూటిగా
మంగళవారం, ఉదయం 7:45

జల్లెడ మాట ఒప్పుకుంటున్నాను. వినకుండా తీసిపారేయడం తప్పే. రొస్సీనీ మాస్ ఈ వారం వింటాను. రైన్‌బెర్గర్ మీద నా అభిప్రాయం మాత్రం ఇంకా అదే.

మ్యూనిక్ మబ్బు (మ్యూనిక్)
మంగళవారం, రాత్రి 11:30

సూటిగా గారికి బ్రామ్స్ ఇష్టం కాబట్టి ఆ ఇంటి మనిషినే పరిచయం చేస్తాను. హైన్‌రిష్ ఫొన్ హెర్‌త్సోగెన్‌బెర్గ్, 1843లో గ్రాట్స్‌లో పుట్టాడు. ఇతనూ భార్య ఎలిజబెత్తూ బ్రామ్స్‌కి చాలా దగ్గరివాళ్లు. కొత్త రచన ఏది రాసినా బ్రామ్స్ ముందు ఎలిజబెత్‌కి పంపి అభిప్రాయం అడిగేవాడు. ఆమె మాటంటే అంత గురి. ఆమె భర్త రాసిన వాటి గురించి మాత్రం ఆయన నోటి నుంచి మెచ్చుకోలు రావడం కష్టంగా ఉండేది. ఆ ఉత్తరాలు చదువుతుంటే నాకు మనసు బాగోదు.

1892లో ఎలిజబెత్ చనిపోయింది. ఆమె జ్ఞాపకంగా అతను 'టోటెన్‌ఫయర్' రాశాడు. 1894లో స్నేహితుడు ఫిలిప్ ష్పిట్టా, అదే బాఖ్ జీవితచరిత్ర రాసినాయన, ఆయనా పోయాడు. ఆయన కోసం ఇ మైనర్ మాస్ రాశాడు. సూటిగా గారూ, ఇది వినండి, తీపి ఉండదు. అతని చర్చి రచనలు ఇప్పుడు సీపీఓ లేబుల్ మీద చాలా దొరుకుతున్నాయి.

అదే ఏడాది ష్పిట్టా తమ్ముడి ప్రోత్సాహంతో స్ట్రాస్‌బుర్గ్‌లో పాడటానికి క్రిస్మస్ ఒరటోరియో (నటన లేకుండా పాడే కథాగానం) 'డీ గెబుర్ట్ క్రిస్టీ' రాశాడు. ఇందులో పెద్ద ఆర్కెస్ట్రా లేదు. ఓబో, తీగవాయిద్యాలు, ఆర్గన్, హార్మోనియం. మధ్యమధ్యలో బెంచీల్లో కూర్చున్న సంఘమంతా లేచి కీర్తన అందుకోవాలి. మామూలు ఊరి చర్చి కూడా చేసుకోగలగాలని అలా రాశాడు.

ఇంకో ముడి కూడా ఉంది. 1877లో ఇంగ్లండు నుంచి లైప్‌జిగ్‌కి ఒక పందొమ్మిదేళ్ల అమ్మాయి సంగీతం నేర్చుకోడానికి వచ్చింది, పేరు ఎథెల్ స్మైత్. కాలేజీ నచ్చక బయటికొచ్చి ఈ హెర్‌త్సోగెన్‌బెర్గ్ దగ్గరే చదువుకుంది. ఆమె రాసిన 'మాస్ ఇన్ డి' 1893 జనవరిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో పాడారు. జనం బాగా మెచ్చుకున్నారు. అయినా తర్వాత ముప్పై ఒక్కేళ్లు మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. 1924లో ఏడ్రియన్ బౌల్ట్ బయటికి తీశాడు. మొదటి రికార్డింగు రావడానికి 1990ల దాకా ఆగాల్సొచ్చింది. ఇప్పుడు సకారి ఒరామో చేసింది షాండోస్‌లో ఉంది. మామూలుగా మొదట్లో వచ్చే 'గ్లోరియా' భాగాన్ని చివర పాడాలని ఆమె కోరిక. సంతోషంతో ముగియాలని.

ఆల్టో లైన్ (సికింద్రాబాద్)
బుధవారం, ఉదయం 10:10

హార్మోనియమా! మా సంఘంలో నూటికి తొంభై పాటలు దాని మీదే నడుస్తాయి. వాళ్లది కాళ్లతో తొక్కేది, మనది చేత్తో ఊదేది, తేడా అంతే. ఈ సంగతి మా కాయిర్ లీడర్‌కి చెప్పి తీరతాను.

మేడమీది రేడియో (విజయవాడ)
బుధవారం, రాత్రి 10:25

ఎథెల్ స్మైత్ మాస్ విన్నాను. మొదటి భాగం 'కీరియే' గుసగుసలా మొదలై ఎంత పెద్దదవుతుందో! ఆఫీసు బస్సులో వింటూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

రష్యా వైపు ఎవరైనా చెబుతారా? రఖ్మానినోవ్ 'ఆల్‌నైట్ విజిల్' (రాత్రి జాగారపు ప్రార్థన) ఒక్కటే తెలుసు నాకు.

టేప్‌డెక్ (హైదరాబాద్)
గురువారం, రాత్రి 8:50

రష్యా కథ వింటే గుండె బరువెక్కుతుంది. పావెల్ చెస్నొకోవ్ అని ఒకాయన ఉండేవాడు. వందల కొద్దీ చర్చి రచనలు చేశాడు. మాస్కోలో క్రైస్ట్ ద సేవియర్ కెథెడ్రల్‌లో చివరి కాయిర్ నాయకుడు. 1931 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం ఆ కెథెడ్రల్‌ని పేల్చేసింది. ఆయన ఇక స్వరరచనే మానేశాడు. 1944లో చనిపోయాడు. బాసో ప్రొఫుండో, అంటే అన్నిటికన్నా లోతైన మగ గొంతు కోసం ఆయన రాసిన సోలోలు వినండి. గొంతు నేల లోపలి నుంచి వస్తున్నట్టుంటుంది.

ఇంకొకరు మాక్సిమిలియన్ స్టైన్‌బెర్గ్. రిమ్‌స్కీ కోర్సకోవ్ అల్లుడు, షోస్టకోవిచ్‌కి గురువు. 1923లో 'పాషన్ వీక్' (క్రీస్తు శ్రమల వారం) పూర్తిచేశాడు. అక్కడ చర్చి సంగీతం పాడే వీల్లేని కాలం. ఆయన 1946లో పోయేదాకా ఒక్కసారి కూడా వినలేదు. 2014లో అమెరికాలో, పోర్ట్‌లాండ్‌లోని కాపెల్లా రొమానా బృందం మొదటిసారి మొత్తం పాడింది. తర్వాత రికార్డు కూడా చేశారు. నేను దాన్ని గుడ్ ఫ్రైడే రాత్రి లైట్లన్నీ ఆర్పేసి వింటాను.

సూటిగా
శుక్రవారం, రాత్రి 9:30

హెర్‌త్సోగెన్‌బెర్గ్ మాస్ విన్నాను. మబ్బు గారూ, మీరన్నది నిజం. 'కీరియే' దగ్గరే ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. 'క్రేదో' నాకు సాగదీసినట్టు అనిపించింది. కానీ ఇది జల్లెడలో రాలిపోవాల్సింది మాత్రం కాదు. ఇంకేమున్నాయో పంపండి.

ఆల్టో లైన్ (సికింద్రాబాద్)
ఆదివారం, రాత్రి 9:40

మీ అందరికీ చెప్పాల్సిన కబురు ఉంది. 'ఆబెంట్‌లీట్' మేం పాడబోతున్నాం!

స్వరలిపి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరికింది. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. మా కాయిర్‌లో సగంమందికి గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్ చదవడం రాదు, స్వరాల్ని అక్షరాలతో రాసే సోల్‌ఫా అలవాటు. అందుకని ఆరు గొంతులకీ ఆరు రూళ్ల నోటు పుస్తకాలు కొని, రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒక్కో లైనూ డ రె మి ల్లోకి రాశాను. జర్మన్ మాటల కింద పలికే తీరు తెలుగులో, దాని కింద అర్థం పెన్సిల్‌తో. రెండో సొప్రానో లైను రాస్తుంటే అది మొదటి సొప్రానో కన్నా అందంగా ఉన్నట్టు అనిపించింది. వినేటప్పుడు ఎన్నడూ పట్టించుకోలేదు.

నిన్న మొదటి ప్రాక్టీసు. ముందు అందర్నీ కూర్చోబెట్టి రికార్డింగు వినిపించాను. అరవయ్యేళ్ల మా బాస్ అంకుల్ కళ్లు మూసుకుని విని, "ఇది మనం పాడగలమా అమ్మా?" అన్నారు. మొదటిసారి ముక్కలు ముక్కలుగా వచ్చింది. రెండోసారి చివరిదాకా వెళ్లాం. కీబోర్డు మీద చూసుకుంటే అర స్వరం కిందికి జారిపోయి ఉన్నాం. ఫ్యాన్ల చప్పుడుకి ఒకరి గొంతు ఒకరికి వినపడటం లేదు. ఫ్యాన్లు ఆపి మూడోసారి పాడితే జారలేదు. ఆ చివరి మాట దగ్గర ఎవరూ ఊపిరి కూడా తీసుకోలేదు.

టెన్షన్ అంతా టెనర్ల గురించే. రెండు టెనర్ లైన్లు కావాలి, ఉన్నది ముగ్గురు.

మ్యూనిక్ మబ్బు (మ్యూనిక్)
ఆదివారం, రాత్రి 11:15

జర్మన్ ఉచ్చారణ నేను చదివి ఆడియో పంపిస్తాను. 'గెనైగెట్'లో చివరి అక్షరం గట్టిగా కొట్టకూడదు, అది చూసుకోండి. ఆ ఇటుక గోడల హాలుకి వచ్చే నెల వెళ్తున్నాను. అక్కడ నిలబడి మీ రికార్డింగు వింటాను, తప్పకుండా పంపండి.

కాకినాడ శ్రోత
సోమవారం, ఉదయం 6:10

అమ్మా, ఆ నోటు పుస్తకాల్లో ఒకటి ఫొటో తీసి పెట్టగలరా? మీ డ రె మి లని మా స రి గ ల్లోకి మార్చుకుని బాస్ లైను ఇంట్లో పాడుకుంటాను.

మేడమీది రేడియో (విజయవాడ)
సోమవారం, రాత్రి 8:20

నాకు మాట రావడం లేదండీ. వచ్చే శనివారం హైదరాబాద్‌లో పనుంది. సాయంత్రం ఖాళీయే. మీకు అభ్యంతరం లేకపోతే వెనక బెంచీలో కూర్చుని ప్రాక్టీసు వినొచ్చా?

ఆల్టో లైన్ (సికింద్రాబాద్)
సోమవారం, రాత్రి 8:45

వెనక ఎందుకండీ, టెనర్ల పక్కన కూర్చోండి. పాడటం వస్తే ఇంకా మంచిది, రెండో టెనర్ పుస్తకం ఒకటి ఎక్కువ రాసి ఉంచాను. ఆరింటికి మొదలు. ఫ్యాన్లు ఆపేస్తాం కాబట్టి ఒక తువ్వాలు తెచ్చుకోండి.